పక్క తడిసిన పొద్దున

మన ఇళ్లలో పిల్లాడు పక్క తడిపాడంటే దుప్పటి తడిసిందని మాత్రమే అర్థం కాదు. బిస్తర్ నాపాక్ అయిందని. ఆ రెండో మాటదే అసలు బరువు. తడిసిన దుప్పటి ఎండలో వేస్తే మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. నాపాక్ అన్న మాట అంత తొందరగా ఆరదు. దుప్పటి ఎక్కడెక్కడ తగిలింది, ఆ చేత్తో వీడు ఏం ముట్టుకున్నాడు, జానమాజ్ దగ్గరికి వెళ్లాడా, దాదీ దుపట్టా అంచు తాకిందా... ఫజర్ వేళ ఇల్లంతా ఇదే తహకీకాత్. మధ్యలో నిలబడి చలికి వణుకుతూ ఒక చిన్న ప్రాణం.

మా చిన్నోడికి ఈ ఏడు నిండబోతోంది. వారానికి మూడు, నాలుగు రాత్రులు తడుపుతాడు. కడపలో మాది మూడు గదుల ఇల్లు. చెల్లెలు పుట్టినప్పటి నుంచి వాడు దాదీ పక్కనే పడుకుంటాడు. మంచానికీ గోడకీ మధ్య మూరెడు జాగా. అక్కడే అమ్మీజాన్ జానమాజ్. మూడింటికే తహజ్జుద్‌కి లేస్తారు ఆమె. లేచి చేయి పెడితే పక్క తడి. పాపం, ఆ వయసులో చీర మార్చుకుని, చేతులు కడుక్కుని, మళ్లీ వజూ చేసుకుని నిలబడాలి. ఆమె ఒక్క రోజు కూడా వాడిని తిట్టలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మన కథల్లో సాస్ ఎప్పుడూ విలనే.

తిట్టింది వేరే వాళ్లు. శాదీకి వచ్చి వారం ఉండిపోయిన ఒక రిష్తేదార్ ఆమె. పొద్దున్నే వాడిని బావి నీళ్లతో తల మీద నుంచి స్నానం చేయించి, "నాపాక్ లడ్కా, మస్జిద్‌లో నీకు జాగా లేదు పో" అని నవ్వింది. తమాషాకే అంది. ఆ తర్వాతి జుమ్మాకి వాళ్ల అబ్బా పిలిస్తే వీడు కనపడలేదు. తెల్ల కుర్తా వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని బీరువా వెనక నిలబడి ఉన్నాడు. "నక్కో అబ్బా, నేను నాపాక్" అన్నాడు.

స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, అత్తర్ పూసుకున్న పిల్లాడు అన్న మాట అది.

ఏడేళ్లకు పిల్లలకు నమాజ్ నేర్పించమని హదీసులో ఉంది, మీ అందరికీ తెలుసు. సరిగ్గా ఆ వయసులో ఒక పిల్లాడు నమాజ్ అనేది పాక్‌గా ఉండే వాళ్లదీ, నేను అందులో లేనూ అని మనసులో రాసుకుంటే, తర్వాత ఎన్ని సూరాలు కంఠస్థం చేయించి ఏం లాభం? పక్క ఎప్పుడో ఒకప్పుడు పొడిగా అవుతుంది. ఇది అంత సులువుగా పోదు. అందుకే దుప్పట్ల విషయం తర్వాత రాస్తాను, మొదట ఈ విషయం.

మా వీధి మస్జిద్ ఇమాం సాబ్ దగ్గరికి వాళ్ల అబ్బా వెళ్లి మసలాలు అడిగి వచ్చాడు. పేషాబ్ అంటితే గుస్ల్ ఫర్జ్ కాదు. అంటిన చోట ఒళ్లు కడిగి, బట్టలు మారిస్తే చాలు. డిసెంబర్ చలిలో ఫజర్ వేళ పిల్లాడి తల మీద చెంబుతో నీళ్లు పోయడం దీన్ చెప్పిన పని కాదు. అది సజా. దానికి తహారత్ అని పేరు పెట్టకూడదు. ఆరిపోయిన పరుపు మీద పొడి ఒళ్లు తగిలినంత మాత్రాన ఒళ్లు నాపాక్ కాదు. నేల ఆరాక దాని మీద మందపాటి పాక్ గుడ్డ పరిచి నమాజ్ చదువుకోవచ్చు. మీ ఫిఖ్‌లో వివరాలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, మీ ఆలిమ్‌ని మీరు అడగండి. అడగకుండా ఊహించుకుని పిల్లాడి మీద రుద్దకండి, అంతే.

ఇంకో మాట చెప్పారు ఇమాం సాబ్. ముగ్గురి మీద నుంచి కలమ్ ఎత్తేశారని ఒక హదీసు ఉంది కదా. నిద్రపోయేవాడు లేచేదాకా, పిల్లవాడు బాలిగ్ అయ్యేదాకా, మతి లేనివాడికి మతి వచ్చేదాకా. "మీవాడు ఆ ముగ్గురిలో ఇద్దరి లెక్కలో ఉన్నాడు సాబ్, నిద్రలోనూ ఉన్నాడు, పిల్లాడు కూడా. ఇంక ఎవరు రాస్తారు?" అన్నారట. ఉమ్మె ఖైస్ రజి. పసిబిడ్డ నబీ సల్లల్లాహు అలైహి వసల్లం ఒళ్లోనే తడిపితే ఆయన నీళ్లు అడిగి చల్లుకున్న సంగతి బుఖారీలో ఉంది. అది పాలు తాగే బిడ్డ సంగతి, ఏడేళ్లవాడి మసలా వేరు, ఒప్పుకుంటాను. కానీ మస్జిద్‌లోనే పేషాబ్ పోసిన పల్లెటూరి అరబ్బు పెద్దమనిషే కదా! సహాబాలు లేచి వస్తుంటే, ఆపకండి, పూర్తి కానివ్వండి అని, తర్వాత బకెట్ నీళ్లు పోయించారు. మెలకువలో ఉన్న పెద్దమనిషికే అంత నర్మీ దొరికింది. మావాడు నిద్రలో ఉన్నాడు.

ఇక ఒంటి సంగతి.

పిల్లల డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగింది వయసు. అయిదేళ్ల లోపు అయితే దీన్ని అసలు జబ్బుగా లెక్కపెట్టరట. అయిదేళ్ల వయసులో వందలో దాదాపు 15 మంది పిల్లలు రాత్రి తడుపుతారు. ఏడేళ్లకు వచ్చేసరికి వందలో పదిమందో, అంతకంటే తక్కువో మిగులుతారు. ఏ మందూ లేకుండానే ఏటా ఆ మిగిలిన వాళ్లలో వందకు 15 మందికి ఆగిపోతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. అంటే మావాడి క్లాసులో నలభై మంది ఉంటే వీడు ఒక్కడే కాదు, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. వాళ్ల ఇళ్లలోనూ డాబా మీద బొంతలు ఆరుతుంటాయి, ఎవరూ చెప్పరు.

ఎందుకవుతుందంటే మూడు సంగతులు. రాత్రిపూట మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వస్తుంది, అది కిడ్నీలకు కొంచెం నెమ్మదించమని చెబుతుంది. కొందరు పిల్లల్లో రాత్రి అది సరిపడా రాదు, పేషాబ్ పగటిలాగే తయారవుతుంది. రెండోది, మూత్రసంచి చిన్నది. వయసుకి ఒకటి కలిపి ముప్ఫైతో గుణిస్తే దాదాపు ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో వస్తుందట. ఏడేళ్లవాడికి 240, అంటే గ్లాసెడు. మూడోది నిద్ర. సంచి నిండిందన్న కబురు పోతుంది గానీ నిద్ర లేవదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ పిల్లాడి చేతిలో లేదు. బద్ధకం కాదు, జిద్దు కాదు, షైతానీ కాదు. కొట్టినంత మాత్రాన హార్మోన్ రాదు.

తర్వాత డాక్టర్ అడిగాడు, "మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా?" అని. నేను లేదన్నాను. మా వారు కూడా చాలా గట్టిగా లేదన్నారు. ఇంటికొచ్చి అమ్మీజాన్‌కి చెబితే ఆమె పాన్‌దాన్ మూస్తూ, "క్యా నై! తొమ్మిదో ఏడు దాకా తడిపినాడు వీడు. మీ మామ రెండు పరుపులు పారేసినారు" అన్నారు. మావారు పేపర్ అడ్డం పెట్టుకున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం వందకు నలభై పైనే ఉంటుంది, ఇద్దరికీ ఉంటే డెబ్భై దాకా పోతుంది. ఆ రోజు రాత్రి వాళ్ల అబ్బా తనే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు, నేను కూడా తడిపేవాణ్ణి బేటా అని. వాడు నమ్మలేదు. దాదీని అడిగి గవాహీ తీసుకున్నాడు. తర్వాతి జుమ్మాకి అబ్బా చేయి పట్టుకుని పోయాడు. ఏ మందూ చేయని పని అది.

అసలు చికిత్స మొదలైంది పగలు. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. రాత్రి సమస్యకు పగలేం చేస్తుంది అని. మావాడి స్కూలు బాటిల్ పొద్దున ఎంత నిండుగా పోయేదో సాయంత్రం అంతే నిండుగా వచ్చేది. కారణం అడిగితే, తాగితే బాత్రూమ్‌కి పోవాలి, అక్కడ కంపు అన్నాడు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా బిగబట్టి, ఇంటికి రాగానే చెంబు ఎత్తి గటగటా తాగడం. రోజు మొత్తం తాగాల్సిన నీళ్లు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య పోతే రాత్రికి ఏమవుతుంది మరి? టీచర్‌తో మాట్లాడాను. ప్రతి ఇంటర్వెల్‌కీ పంపమన్నాను. మధ్యాహ్నం అన్నం వేళకు సగం బాటిల్ ఖాళీ కావాలి, ఇదొక్కటే షరతు. కొందరు అమ్మలు సాయంత్రం నుంచి నీళ్లే ఇవ్వరు. మా కడప ఎండలకు అది జులుమ్. నీళ్లు తగ్గించడం కాదు, ముందుకు జరపడం. పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి మాత్రం గుక్కెడే. టీ, కూల్ డ్రింక్ పూర్తిగా బంద్. వాటిలోని కెఫీన్ పేషాబ్ పెంచుతుంది. దాదీ సాసర్‌లో పోసి ఇచ్చే రెండు గుక్కల చాయ్ దగ్గర కొంచెం గొడవైంది. ఆ గొడవ ఇక్కడ రాయను.

ఇంకొకటి, డాక్టర్ పొట్ట నొక్కి చూసి మలబద్ధకం ఉందన్నాడు. రోజూ పోతున్నాడు కదా అన్నాను. పోవడం వేరు, పూర్తిగా పోవడం వేరు అన్నాడు. పేగు నిండి ఉంటే ముందున్న మూత్రసంచిని నొక్కుతుంది, దాంట్లో జాగా తగ్గుతుంది. మైదా బిస్కెట్లు, నూడుల్స్ తీసేసి రాగి సంగటి, ఆకుకూర, జామకాయ. కొన్నాళ్లు మెత్తబడే మందు. మీరు నమ్ముతారో లేదో, మా ఇంట్లో నాలుగు రాత్రులు రెండైంది ఈ ఒక్క మార్పుతోనే.

పడుకునే ముందు రెండుసార్లు పోవాలన్నాడు డాక్టర్, కొంచెం వ్యవధి ఇచ్చి. దీనికి మన దగ్గర ఇంతకంటే మంచి అలవాటు ఇంకేం కావాలి? వజూతో పడుకోవడం సున్నత్. వాడు ఒకసారి పోయి, ఇస్తింజా చేసుకుని, వజూ చేసుకుని దాదీ పక్కన కూర్చుంటాడు. దువాలు, ఒక కిస్సా. పదిహేను నిమిషాలు. మళ్లీ లేచి పోవాలి. మొదటి రోజే అడిగాడు, "అమ్మీ, రెండోసారి పోతే వజూ పోయింది కదా, మళ్లీ చేయాలా?" చేసుకోమన్నాను. నీళ్లతో ఆట వాడికి ఎటూ ఇష్టమే.

గోడకి మస్జిద్ వాళ్లిచ్చిన నమాజ్ టైముల క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద పెన్సిల్‌తో గుర్తులు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. గుర్తు పొడి రాత్రికి కాదు. రెండుసార్లు పోయి పడుకున్నందుకు. పొడిగా ఉండటం వాడి చేతిలో లేదు, పోయి పడుకోవడం ఉంది. చేతిలో లేని దానికి ఇనామ్ పెడితే రాని రోజు అదే సజా అవుతుంది.

బిస్తర్ సంగతికి వస్తాను. బూరుగు దూది పరుపు అయితే ఉతకలేం, పిండలేం. అందుకే అది అసలు తడవకుండా చూసుకోవడమే మార్గం. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత చీరల బొంత, దుప్పటి. దాని మీద మళ్లీ ఇంకో రబ్బరు షీటు, ఇంకో బొంత, ఇంకో దుప్పటి. రాత్రి తడిస్తే పై జత మొత్తం లాగేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. లైటు వేయక్కర్లేదు, బీరువా తెరవక్కర్లేదు, అమ్మీజాన్ తహజ్జుద్ ఆగక్కర్లేదు. బాత్రూమ్‌లో వీటికి వేరే బకెట్ పెట్టాను. వాడి నైట్ ప్యాంటు, తువ్వాలు మంచం కాళ్ల దగ్గరే. తడిసిందా, తనే లేచి ప్యాంటు మార్చుకుంటాడు, దుప్పటి బకెట్‌లో వేస్తాడు. ఇది శిక్షగా కాదు. తన పాకీ తన చేతిలో ఉందని తెలియడానికి. జుమ్మా రోజు బీరువా వెనక నిలబడ్డ పిల్లాడికి ఇది చాలా పెద్ద విషయం.

అర్ధరాత్రి లేపి తీసుకుపోవడం గురించి అందరూ అడుగుతారు. పదకొండింటికి లేపితే ఆ రాత్రికి పక్క పొడిగా ఉండొచ్చు, అంతవరకే. సగం నిద్రలో భుజాన వేసుకుపోయి పోయిస్తే వాడు నేర్చుకునేది నిద్రలో పోయడమే. లేపితే పూర్తిగా లేపాలి, నడిపించాలి. మేము శాదీలకు ఊరు పోయినప్పుడే లేపుతాం. అలారం అని ఒకటి వస్తుంది, లోదుస్తులకు తగిలిస్తే తడి తగలగానే మోగుతుంది. రెండు మూడు నెలలు విడవకుండా వాడితే మూడింట రెండొంతుల మందికి పనిచేస్తుందని డాక్టర్ చెప్పాడు. మొదట్లో ఇల్లంతా లేస్తుందట, పిల్లాడు తప్ప! వాడిని లేపాల్సింది మనమే. ఏడు నిండాక కావాలంటే చూద్దామన్నాడు. డెస్మోప్రెసిన్ మాత్ర కూడా ఉంది, ఆ రాని హార్మోన్‌కి బదులు పనిచేసేది. అది వేసుకున్న రాత్రి నీళ్లు బాగా తగ్గించాలి, లేకపోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం. డాక్టర్ రాయకుండా, పక్కింటి వాళ్లు చెప్పారని మెడికల్ షాపులో అడిగే మందు కాదది.

తావీజ్ కూడా కట్టాం. మా అమ్మ పంపింది. వద్దనలేదు నేను, ఆమె దిల్ నొప్పించి ఏం సాధిస్తాను. నువ్వులు బెల్లం లడ్డూలు అమ్మీజాన్ చేశారు, హకీమ్‌ల కాలం నుంచి వస్తున్న ఇలాజ్ అట. వాటితో పక్క ఆగిందో లేదో గానీ డబ్బా మాత్రం వారంలో ఖాళీ. దమ్ చేసిన నీళ్ల దగ్గర మాత్రం నోరు తెరవాల్సి వచ్చింది. పడుకునే ముందు గ్లాసు నిండా తాగించమన్నారు! షిఫా అల్లాహ్ చేతిలో ఉంది, పొద్దున తాగినా ఇస్తాడు అని చెప్పి ఫజర్ తర్వాతకి మార్చాను. ఎవరూ కాదనలేదు.

రంజాన్‌లో మళ్లీ లెక్క తప్పింది. 2025లో రంజాన్ మార్చిలో వచ్చింది, అప్పటికే ఎండలు. ఇఫ్తార్‌లో పుచ్చకాయ, రూహ్ అఫ్జా, ఫలూదా. తరావీహ్ నుంచి వచ్చాక మళ్లీ తిండి, మళ్లీ షర్బత్. పిల్లలు పడుకునేసరికి పదకొండున్నర. మొదటి పదిరోజుల్లో ఆరు రాత్రులు తడిపాడు. అప్పుడు వాడి ఇఫ్తార్ వేరు చేశాం. రోజా లేదు కాబట్టి వాడి షర్బత్ అసర్ వేళకే. మగ్రిబ్‌కి ఖజూర్, చిన్న గ్లాసు నీళ్లు. సెహ్రీకి అందరితో పాటు లేపాం, నాలుగింటికి, పూర్తిగా. డోలు వాడి చప్పుడు వినడానికి తనే లేచేవాడు చివరి రోజుల్లో.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంటి ఇలాజ్‌లు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పొండి. పగలు కూడా తడుపుతుంటే, పోసేటప్పుడు మంట అంటే, జ్వరం ఉంటే. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెడితే. విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే అసలు ఆగకండి, ఆ రోజే షుగర్ చూపించండి. పిల్లలకూ షుగర్ వస్తుంది. రాత్రి గట్టిగా గురక పెట్టే పిల్లలకు గొంతు, ముక్కు చూపించాలి. ఇవేవీ లేకపోయినా ఇంట్లో ఇంతికాల్ అయినా, కొత్త బిడ్డ వచ్చినా, స్కూలు మారినా ఆగింది తిరిగి మొదలవుతుంది. అప్పుడు బిడ్డను ఒళ్లోకి తీసుకోండి, మందు తర్వాత.

మెహమాన్ల ముందు ఈ మాట ఎత్తకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ వారం ఉండిపోయిన ఆమె మొన్న ఫోన్ చేసి, "ఇంకా తడుపుతున్నాడా మీ నవాబు?" అంది. అమ్మీజాన్ ఫోన్ తీసుకుని, "మా ఇంట్లో నవాబులంతా తడిపిన వాళ్లే బేటీ, మీ దుల్హేభాయ్‌ని అడుగు" అని పెట్టేశారు. మావారి పరువు పోయింది. పర్వాలేదు, దానికి పనికొచ్చింది.

బక్రీద్‌కి ప్రొద్దుటూరు పోయాం, నానీ ఇంటికి. ఏడాదిగా అక్కడ రాత్రి ఉండనని ఏడ్చేవాడు, మామూ పిల్లలు నవ్వుతారని. ఈసారి రబ్బరు షీటు, రెండు బొంతలు తన సంచీలో తనే పెట్టుకున్నాడు. రెండు రాత్రులు పొడి. మూడో రాత్రి తడిపాడు, కుర్బానీ గోష్త్ తిని దాహమని నీళ్లు ఎక్కువ తాగాడు. నేను లేచేసరికి ప్యాంటు మార్చుకుని, దుప్పటి బకెట్‌లో వేసి కూర్చుని ఉన్నాడు. పెద్దమామూ కొడుకు అడిగాడట ఏమైందని. "నిద్రలో అయ్యింది భాయ్, కలమ్ రాయదు" అన్నాడట.

బొంత మాత్రం రెండు రోజులు ఆరలేదు. ప్రొద్దుటూరులో మబ్బు.